నెట్ పోయిందా? రౌటర్ ఆపకండి, ముందు పోర్టు లైటు చూడండి

నెట్ రావట్లేదని ఫోన్ రాగానే రౌటరూ స్విచ్చూ ఆపి ఆన్ చేస్తారు చాలామంది. నెట్ రావచ్చు కూడా. కానీ స్విచ్ మెమరీలోని లాగ్, అంటే ఏం జరిగిందో అది రాసుకున్న చిట్టా, తుడిచిపెట్టుకుపోతుంది. రేపు మళ్లీ అదే గొడవ వస్తే చేతిలో ఆధారం ఉండదు.

అమీర్‌పేటలో కోర్సుకి వెళ్లినా, ఇంట్లో ప్యాకెట్ ట్రేసర్ అనే సిస్కో సిమ్యులేటర్‌తో నేర్చుకున్నా, కింది నుంచి పైకి, అంటే కేబుల్‌తో మొదలుపెట్టి పీసీ సెట్టింగుల దాకా వెళ్లడం అలవాటు చేసుకోండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పాత సిస్కో 2960 స్విచ్ దొరికితే ఇంకా మంచిది. స్విచ్‌కి కమాండ్లు ఇవ్వడానికి పీసీని కలిపే కన్సోల్ కేబుల్ పెట్టి, పుట్టీ అనే ప్రోగ్రామ్‌లో స్పీడ్ 9600 ఇవ్వండి. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే చాలావరకు స్పీడ్ తప్పే.

పోర్టు లైటు వెలగకపోతే ప్యాచ్ కార్డు (పోర్టుకి గుచ్చే పొట్టి కేబుల్) మార్చి చూడండి. తర్వాత స్విచ్‌లో ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’ కమాండ్ కొట్టండి. నాట్‌కనెక్ట్ అంటే కేబులో, అవతలి మెషినో. డిసేబుల్డ్ అంటే ఎవరో షట్‌డౌన్ చేశారు. ఎర్-డిసేబుల్డ్ అంటే స్విచ్చే మూసేసింది. మీటింగ్ రూములో ఎవరో ఒకే కార్డు రెండు కొసలూ గోడ సాకెట్లలో గుచ్చేస్తే, బీపీడీయూ గార్డ్ (ఇలాంటి లూప్‌ని పట్టే కాపలా) పెట్టిన పోర్టు ఇలాగే మూసుకుంటుంది. ఆ కార్డు పీకకుండా పోర్టు మూసి తెరిచే షట్, నో షట్ ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ అంతే.

అన్నిటికంటే మాయదారిది డూప్లెక్స్ తేడా, అంటే కేబుల్‌కి ఒక కొస ఫుల్‌లో (ఒకేసారి పంపడం, అందుకోవడం), ఇంకో కొస హాఫ్‌లో (ఒకసారి ఒకటే) ఉండడం. లైటు వెలుగుతుంది, పింగ్ వెళ్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తే మాత్రం నత్తనడక. ఒకవైపు ఆటో ఉంచి, అవతల 100 ఫుల్ అని బిగించేస్తే, ఆటో వైపు స్పీడ్ పసిగడుతుంది గానీ డూప్లెక్స్ తెలియక హాఫ్‌కి దిగిపోతుంది. ‘షో ఇంటర్‌ఫేసెస్’లో హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీలు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడై వచ్చిన డేటా) పెరుగుతుంటే అదే. రెండు వైపులా ఆటో పెట్టండి. ఆ తర్వాత కూడా సీఆర్‌సీ పెరుగుతుంటే కేబుల్ మార్చండి. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

ఇక పీసీ వైపు. ఐపీ 169.254తో మొదలైతే ఐపీ పంచే డీహెచ్‌సీపీ అందలేదు, పోర్టు ఏ వీల్యాన్‌లో (స్విచ్‌ని విడగొట్టిన విడి నెట్‌వర్క్‌లో) ఉందో చూడండి. ఐపీ సరిగ్గా ఉంటే గేట్‌వేకి (బయటికి దారి చూపే రౌటర్‌కి) పింగ్, తర్వాత ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ 8.8.8.8కి. ఇది పలికి, సైటు పేరు పలకకపోతే తప్పు పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్‌ది. గేట్‌వే పింగ్‌కి పలకలేదని కంగారుపడొద్దు, పింగ్ ఆపేసి ఉండొచ్చు. పీసీలో ‘ఏఆర్‌పీ -ఏ’ కొడితే దాని మ్యాక్ (హార్డ్‌వేర్ అడ్రసు) కనిపిస్తే అక్కడిదాకా దారి బాగున్నట్టే.

సరిచేశాక మార్పులు సేవ్ కావడానికి స్విచ్‌లో ‘రైట్ మెమరీ’ కొట్టండి. లేదంటే కరెంటు పోయి వచ్చాక పోర్టు మళ్లీ పాత వీల్యాన్‌లోనే కూర్చుంటుంది.