పండు ఈగల్లో వోల్బాకియా ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

ల్యాబ్‌లో రెండు స్టాక్‌లను (విడివిడిగా పెంచుతున్న ఈగల వంశాలను) కలిపినప్పుడు గుడ్లు పెట్టి కూడా లార్వాలు రావడం లేదా? మేతను తిట్టుకునే ముందు వోల్బాకియాను అనుమానించండి. 1924లో హెర్టిగ్, వోల్బాక్ క్యూలెక్స్ దోమల్లో గుర్తించిన ఈ బ్యాక్టీరియా తల్లి గుడ్డు ద్వారానే తర్వాతి తరానికి వెళ్తుంది, అందుకే ఆడవాటి పక్షం: అది ఉన్న మగవి, లేని ఆడవాటితో కలిస్తే గుడ్లలోంచి లార్వాలు చాలా తక్కువ వస్తాయి.

ముందు పీసీఆర్, అంటే ఎంచుకున్న డీఎన్ఏ ముక్కను లెక్కలేనన్ని కాపీలు చేసి చూసే పరీక్ష. వోల్బాకియాకే చెందిన డబ్ల్యూఎస్‌పీ జన్యువుకి ప్రైమర్లు (ఆ ముక్కను పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు) వాడితే, బ్యాక్టీరియా ఉన్నప్పుడు జెల్ మీద సుమారు 600 బేస్‌ల బ్యాండ్ (గీత) వస్తుంది. బ్యాండ్ రాలేదని సంబరపడొద్దు, డీఎన్ఏ పాడై ఉండొచ్చు, కాబట్టి ఈగ సొంత జన్యువు ఒకటి కూడా పక్కనే నడపండి.

తర్వాత కొన్ని ఈగలను వేరు చేసి రెండు తరాల పాటు మేతలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపి పెంచండి, బ్యాక్టీరియా లేని ఈగలు దొరుకుతాయి. ఆ మందు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను కూడా దెబ్బతీస్తుంది, అందుకని మందు ఆపాక కనీసం రెండు తరాలు ఆగాలి. చాలామంది తొందరపడి ఇక్కడే ఫలితాలు చెడగొట్టుకుంటారు.

ఇక అసలు పరీక్ష: బ్యాక్టీరియా ఉన్న మగవాటిని లేని ఆడవాటితో కలిపి, గుడ్లు లెక్కపెట్టి, ఒకటిన్నర రోజు తర్వాత ఎన్ని పగిలి లార్వాలు వచ్చాయో చూడండి. చాలా తక్కువ పగిలి, తిప్పి కలిపితే (లేని మగవి, ఉన్న ఆడవి) మామూలుగా ఉంటే అనుమానం నిజమే. ల్యాబ్‌లలో ఎక్కువగా పెంచే మెలనోగాస్టర్ జాతి అయితే ఒక రోజు వయసు మగవే తీసుకోండి, ముదిరిన వాటిలో ప్రభావం బాగా తగ్గిపోతుంది.

పిల్లలన్నీ ఆడవే వస్తున్నాయా? అది మగ పిండాలను చంపే స్పైరోప్లాస్మా అనే మరో బ్యాక్టీరియా కూడా కావచ్చు, దానికి ప్రైమర్లు వేరు.