మందపు ఇనుము అతికేటప్పుడు రాడ్ల తేమను మరువకండి

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తవ్వే యంత్రాల బకెట్లకూ కృష్ణపట్నం వైపు క్రేన్ల భాగాలకూ వేసిన అతుకు, పైకి నున్నగా కనిపించినా ఒకటి రెండు రోజుల తరువాత పక్కనే చీలుతుంటే, కరెంటు చాలలేదని అనుకోవడానికి ముందు వెల్డింగ్ రాడ్ల తేమను అనుమానించడం మంచిది. రాడ్ మీది పూతలోని తేమ ఆర్క్ (రాడ్ కొన దగ్గర పుట్టే విద్యుత్ మెరుపు) వేడికి విడిపోయి, అందులోని హైడ్రోజన్ ఉక్కులోకి చేరుతుంది. మందపు ప్లేటు వేడిని వేగంగా లాగేసుకోవడంతో అతుకు అంచు గట్టిపడి, వెల్డింగ్ ముగిసిన 48 గంటల్లోపు ఎప్పుడైనా చీలవచ్చు. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఈ బెడద మరింత ఎక్కువ.

అందువల్ల 7018 రాడ్లను (హైడ్రోజన్ తక్కువగా వదిలే రకం) వాడే ముందు ఓవెన్‌లో 260 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ మధ్య, డబ్బా మీద తయారీదారు సూచించిన వేడిలో, కనీసం రెండు గంటలు ఆరబెట్టి, పని జరుగుతున్నంతసేపూ వేడిగా ఉంచే పెట్టెలోనే ఉంచి, ఒక్కొక్కటిగా తీసుకోవాలి. ఎండలో పరచడం వల్ల ప్రయోజనం లేదు. మామూలు పనులకు వాడే 6013 రకం రాడ్లకు మాత్రం ఇంత వేడి పనికిరాదు, పూత చెడిపోతుంది.

ప్లేటును కూడా ముందుగా గ్యాస్ మంటతో వేడిచేయాలి. 40 నుంచి 65 మిల్లీమీటర్ల మందమున్న మామూలు మైల్డ్ స్టీల్‌కు సుమారు 65 డిగ్రీలు సరిపోవచ్చు గాని, కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు 150 డిగ్రీలు, కొన్నిటికి అంతకు మించి అవసరమవుతుంది. ఆ వేడిని అతుకు మీద కాక, దానికి 75 మిల్లీమీటర్ల దూరంలో టెంపరేచర్ చాక్‌తో (నిర్ణీత వేడి దగ్గర కరిగే సుద్ద) గీసి చూసుకోవాలి.