టెన్త్ పిల్లలకు ఒక సైన్స్ పుస్తకం, ఒక కొవ్వొత్తి

నల్గొండ, పాలమూరు దిక్కు హైస్కూలు పిల్లలున్నోళ్లు ఇంగ్లండ్ సైంటిస్ట్ మైకేల్ ఫారడే ‘కెమికల్ హిస్టరీ ఆఫ్ ఎ క్యాండిల్’ తప్పక చదివించండి. 1861లో అచ్చయిన ఆరు ఉపన్యాసాలు. పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితం. పాత ఇంగ్లిష్ కాబట్టి వారానికొక్కటే చాలు. అయితే ఊరికే చదివితే లాభం లేదు, చేస్తూ చదవాలె.

ఫ్యాన్ బంద్ చేసి, కొవ్వొత్తిని ఐదు నిమిషాలు కాలనిచ్చి మెల్లగ ఊదాలె. లేచే తెల్లపొగల, వత్తికి అంగుళం పైన, వెంటనే వెలిగించిన అగ్గిపుల్ల పెడితే మంట కిందికి దుంకి వత్తి అంటుకుంటది. కాలేది మైనం ఆవిరి మరి! అంటుకోకపోతే గట్టిగ ఊదిండ్రు, లేదా ఆలస్యమై పొగ చెదిరింది.

పుస్తకంల ‘కార్బానిక్ యాసిడ్’ అంటే ఇప్పటి కార్బన్ డయాక్సైడే. పరీక్షల మాత్రం అట్ల రాయొద్దు.