జ్ఞానం, వివేకం గురించిన ఇంగ్లిష్ మాటలు, జాతీయాలు నేర్చుకోవడం ఎలా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఅధికారికి ఒక మెయిల్ రాసి, చివర్లో ‘ప్లీజ్ ఎన్‌లైటెన్ మీ’ అని పెట్టాను. ‘దయచేసి తెలియజేయగలరు’ అన్నంత వినయంగా రాశాననుకున్నాను. సాయంత్రం ఆయన పిలిచి, ‘నా మీద ఏమైనా కోపమా?’ అన్నారు. డిక్షనరీలో ఆ మాట అర్థం నేను అనుకున్నదే. కానీ ఎదుటివాళ్ళ మాట మీద నమ్మకం లేనప్పుడు, ‘సరే, తమరే సెలవివ్వండి’ అన్నట్టుగా కూడా దాన్ని వాడతారని నాకు తెలీదు. అందుకే ఈ మాటల్ని జాబితాగా బట్టీ పట్టొద్దంటాను.

1. ముందు ‘తెలివి’ని విడగొట్టండి

తెలివైనవాడు అని మనం ఒక్క మాటలో తేల్చేసేదానికి ఇంగ్లిష్‌లో చాలా మాటలున్నాయి. ఒకాయన స్థలం కొంటున్నాడనుకోండి. కాగితాలు ఇద్దరు లాయర్లకు చూపించి గానీ అడ్వాన్స్ ఇవ్వకపోతే ఆయన ప్రూడెంట్. అమ్మేవాడికి డబ్బు అర్జెంటని కనిపెట్టి ధర తగ్గించేస్తే ష్రూడ్, అంటే గడుసువాడు. అటుగా రోడ్డు పడబోతోందని అందరికంటే ముందే పసిగడితే ఆస్ట్యూట్. ఇంత అప్పు చేసి కొనడం అవసరమా అని ఆగిపోతే, బహుశా వైజ్.

వీటిలో ష్రూడ్‌తోనే కాస్త జాగ్రత్త. మెచ్చుకోలే గానీ, అందులో చిన్న ముల్లు ఉంటుంది. పెద్దవాళ్ళ సలహాను పొగడాలంటే ‘వైజ్ అడ్వైజ్’ లేదా ‘సేజ్ అడ్వైజ్’ అనండి. ఏదైనా ఒక విషయంలో ఆరితేరినవాళ్ళను సావీ అంటారు, టెక్ సావీ అన్నట్టు. లౌక్యం తెలిసినవాడు స్ట్రీట్ స్మార్ట్.

2. వేరు దగ్గరికి వెళ్ళండి

వైజ్, విజ్‌డమ్, విట్ అనే మాటలకూ మన వేదం, విద్య, విద్వాంసుడు అనే మాటలకూ మూలం ఒకటే. చూడటం, తెలుసుకోవడం అనే అర్థమున్న పాత ధాతువు అది. విజన్, వీడియో కూడా లాటిన్ మీదుగా అక్కడి నుంచే వచ్చాయి. అర్థమైందని చెప్పడానికి ఇంగ్లిష్‌వాళ్ళు ‘ఐ సీ’ అంటారు కదా, అందులోనూ తెలుసుకోవడమంటే చూడటమే.

రెండో వేరు లాటిన్ మాట సాపెరె. రుచి చూడటం, వివేకం కలిగి ఉండటం, రెండూ దాని అర్థాలే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో మనిషికి పెట్టిన హోమో సేపియన్స్ అనే పేరులో ఉన్నది ఇదే. రుచీపచీ లేనిదాన్ని ఇన్సిపిడ్ అనడం వెనకా ఇదే ఉంది. రసజ్ఞుడు అనే మాట ఉన్న మనకు ఇది వింతగా అనిపించదు.

3. వెలుగు మాటలన్నీ ఒకచోట రాసుకోండి

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ‘ఇట్ డాన్డ్ ఆన్ మీ’ అంటే నాకు తట్టింది, స్ఫురించింది అని. డాన్ అంటే తెల్లవారడం. మన జ్ఞానోదయంలోనూ ఉదయం ఉంది. వాక్యం కట్టే పద్ధతి కూడా మనదే: తెలుగులో ‘నాకు’ తట్టినట్టే అక్కడ ‘ఆన్ మీ’. ‘ఐ డాన్డ్’ అని మాత్రం రాయకండి.

ఆలస్యంగా బుర్రకెక్కితే బ్రిటన్‌లో ‘ద పెన్నీ డ్రాప్డ్’ అంటారు, మెషిన్‌లో ఇరుక్కున్న నాణెం టక్కున పడ్డట్టు. మనం ‘ట్యూబ్‌లైట్ వెలిగింది’ అంటాం కదా, అదే. ‘లైట్ బల్బ్ మూమెంట్’ అలా కాదు. అది మెరుపులా వచ్చిన ఆలోచన. ‘సీ ద లైట్’ అంటే మొండికేసినవాడు చివరికి దారికి రావడం. ‘ద స్కేల్స్ ఫెల్ ఫ్రమ్ మై ఐస్’ అనేది బైబిల్‌లో సౌలుకు చూపు తిరిగొచ్చిన ఘట్టం నుంచి వచ్చింది. కళ్ళకు కమ్మిన పొరలు వీడాయి అని మనమూ అంటాం.

ఇక ఎన్‌లైటెన్‌మెంట్. ముందు ‘ద’ పెట్టి, మొదటి అక్షరం పెద్దది రాస్తే అది 18వ శతాబ్దంలో హేతువుకు పట్టం కట్టిన యూరప్ ఉద్యమం. ఎన్‌లైటెన్‌మెంట్ అంటే ఏమిటన్న ప్రశ్నకు 1784లో జవాబు రాస్తూ జర్మన్ తత్వవేత్త కాంట్ ‘సాపెరె ఆడె’ అన్నాడు, తెలుసుకునే ధైర్యం చెయ్యి అని. పైన చెప్పిన సాపెరె మాటే మళ్ళీ ఇక్కడ తగిలింది. బుద్ధుడి బోధికీ ఇంగ్లిష్‌లో ఇదే మాట వాడతారు. కానీ బోధికి మూలమైన బుధ్ ధాతువుకు మేల్కొనడం అనే అర్థం ఉంది. అందుకే కొందరు అనువాదకులు అవేకెనింగ్ అని రాస్తారు. నాకూ అదే నచ్చుతుంది.

4. ఏది పొగడ్తో, ఏది వెటకారమో గుర్తు పెట్టండి

ఎదురు సమాధానాలు చెప్పే అతితెలివిమంతుడు వైజ్ గై. ‘ఇన్ హిజ్ ఇన్ఫినిట్ విజ్‌డమ్’ దేవుడి గురించైతే భక్తి, మేనేజర్ గురించైతే దెప్పిపొడుపు. ‘పర్ల్స్ ఆఫ్ విజ్‌డమ్’ కూడా ఎక్కువగా వెక్కిరింతకే వాడతారు. ‘నన్ ద వైజర్’ అంటే అంతా విన్నా ఏమీ అర్థం కాలేదని. ‘ఎ వర్డ్ టు ద వైజ్’ అని ఎవరైనా మొదలుపెడితే తర్వాత వచ్చేది హెచ్చరిక.

‘వైజ్ ఆఫ్టర్ ద ఈవెంట్’ అనగానే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. మనది ఆలస్యంగా చేసే పని గురించి, వాళ్ళది అంతా అయ్యాక ‘నేనప్పుడే అనుకున్నా’ అనే మనిషి గురించి. ‘వైజ్ ఓల్డ్ అవుల్’ అయితే తెలుగులోకి అస్సలు తేవద్దు. అక్కడ గుడ్లగూబ గ్రీకుల ఎథీనా దేవత పక్షి, వివేకానికి గుర్తు. ఇక్కడ ఎవరినైనా అలా అని చూడండి!

5. మాట పక్కన మనిషిని రాయండి

నోట్‌బుక్‌లో అర్థం ఒక్కటే రాస్తే చాలదు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో కూడా ఒక ముక్క రాయండి. రోజుకు రెండు మాటలు చాలు. కొత్తగా నేర్చుకున్నది ముందు స్నేహితుల దగ్గర వాడి చూడండి, ఆఫీసు మెయిల్‌లో కాదు. మెయిల్‌లో నేనిప్పుడు ‘కుడ్ యు ప్లీజ్ క్లారిఫై’ అనే రాస్తున్నాను.