మేడారం కథను నవలగా రాయడం ఎలా?

నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా మడవండి. ఒకవైపు శాసనం మాట, రెండోవైపు జనం మాట రాయండి. పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాప సమ్మక్క, కరువులో కప్పం కట్టలేమన్న ఆమె భర్త పగిడిద్దరాజు, మీదికొచ్చిన కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం ఇవన్నీ జనం వైపు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కడం చరిత్ర వైపు. జనం మాట కోసం మేడారం వెళ్లాల్సిందే, కానీ జాతర రోజుల్లో వద్దు. ఆ రద్దీలో నిలువెత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, తూకం దగ్గరే పూటంతా పోతుంది. మామూలు రోజుల్లో వెళ్లి కోయ పూజారులను అడగండి.

ఇప్పుడు ఖాళీలు వెతకండి. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి శివసాన్నిధ్యం చేరిందంటుంది. ఎలా అన్నది చెప్పదు. కల్పనకు చోటు అక్కడే. శాసనం గట్టిగా చెప్పిన చోట మాత్రం తేదీ జరపొద్దు.

కథ చూసే కళ్లు రాజువి కాకూడదు. యుద్ధంలో రాలిపడ్డ బాణాలు ఏరే కోయ పిల్లవాడిని పెట్టుకోండి. వాడేం తింటాడు? నా మొదటి డ్రాఫ్టులో వాడు గంజిలో పచ్చిమిర్చి నంజుకున్నాడు! వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ ఘాటు పీల్చి పెరిగినవాళ్లం, మిర్చి లేని ఓరుగల్లు ఊహకే రాదు. కానీ మిర్చి మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చింది, కాకతీయులు పోయిన చాలా కాలానికి. టమాటా, మొక్కజొన్న కూడా అంతే. వాడి గంజిలో ఉప్పు వేసి, చేతిలో ఇప్పపువ్వు పెట్టాను.

మహిమను విప్పి చెప్పాలన్న ఆత్రం వద్దు. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతకబోయిన వాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. మన పిల్లవాడు ఆ భరిణె మూత తీయబోతే పక్కనున్న ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపుతాడు. సీన్ అక్కడ కట్.

ఇక పేర్లు. సమ్మక్క కొడుకు జంపన్న దూకి ప్రాణం విడిచేదాకా ఆ వాగును సంపెంగ వాగనే రాయండి. ఆ రాత్రి గూడెం చేరిన పిల్లవాణ్ని వాళ్లమ్మ అడగాలి, "ఎక్కడున్నవ్ రా ఇంతసేపు?" అని.

"జంపన్న వాగు కాడ" అంటాడు వాడు.