గాలివాన, ముంపు, ఇంటి బీమా – మూడవ పాఠం: నీరు వచ్చిన దారి

మొదటి పాఠంలో పాలసీ షెడ్యూలును (దేనికి ఎంత బీమా ఉందో చెప్పే పుటను) చదవడం, రెండవ పాఠంలో ఇంట్లోని సామాను జాబితా రాసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒక్కటే. నీరు ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో గుర్తించి, ఆ దారి సర్వేయరుకు, అంటే నష్టాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ నియమించే వ్యక్తికి, స్పష్టంగా కనిపించేలా నమోదు చేయాలి. క్లెయిమ్ ఫారం నింపడం కన్నా, బిల్లులు వెతకడం కన్నా దీనినే ముందు నేర్పడానికి కారణం ఉంది. బీమా పాలసీ నీటికి పరిహారం ఇవ్వదు, ఆ నీరు రావడానికి కారణమైన ప్రమాదానికి ఇస్తుంది. గోడ తడిసిందన్నది ఎవరికైనా కనిపిస్తుంది. ఎందుకు తడిసిందో మాత్రం మనమే చూపించాలి.

2015 డిసెంబరు వరదలలో చెన్నై వేళచ్చేరిలోని మా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో మోకాలి లోతు నీరు నిలిచింది. నీరు తీసిన మరుసటి ఉదయమే మేము పరుపులనూ, ఉబ్బిపోయిన ప్లైవుడ్ బీరువానూ, పిల్లల పుస్తకాలనూ వీధి చివర కుప్ప పోసి, గోడలూ నేలా ఫినాయిలుతో కడిగేశాం. అంటురోగాల భయంతో ఊరంతా అదే పని చేస్తున్న రోజులవి. పది రోజుల తరువాత సర్వేయరు వచ్చేసరికి ఆయనకు కనిపించింది కడిగిన ఇల్లు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ చూడని వస్తువును నివేదికలో రాయలేనన్నారు. ఆనాడు కోల్పోయిన దానిలో మాకు అందినది చాలా తక్కువ. ఈ పాఠాలు రాయాలన్న సంకల్పం నాకు అక్కడే మొదలైంది.

నీరు ఇంట్లోకి రావడానికి ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి. మొదటిది పైనుంచి వచ్చేది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై వద్ద తీరం దాటినప్పుడు నగరమంతటా చెట్లు కూలాయి. అటువంటి గాలికి కిటికీ అద్దం పగిలినా, మేడ మీది రేకు ఎగిరినా, కొమ్మ పడి పిట్టగోడ విరిగినా ఆ సందులోంచి వాన లోపలికి కొడుతుంది. ఇక్కడ చూపవలసినది తడిసిన సోఫా ఒక్కటే కాదు, గాలి చేసిన సందు కూడా. పగిలిన అద్దాన్ని ఊడ్చివేయకముందే దాని ఫొటో తీయాలి.

రెండవది కిందినుంచి వచ్చేది. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిగ్‌జామ్ తుఫాను చెన్నైని ముంచెత్తింది ఈ విధంగానే. ఆ తుఫాను తీరం దాటింది మాత్రం 5వ తేదీన మన బాపట్ల దగ్గర. తుఫాను మన ఊళ్లో తీరం దాటలేదు కనుక పరిహారం రాదేమోనని ఆ రోజుల్లో చాలా మంది తెలుగువారు నన్ను అడిగారు. ఆ సందేహం అక్కరలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ప్రామాణిక గృహ బీమా పాలసీ ‘భారత్ గృహ రక్ష’లో తుఫాను, గాలివానలతో పాటు వరద, ముంపు కూడా రక్షణ ఉన్న ప్రమాదాలే. కనుక వీధిలో నిలిచిన నీరు గడప దాటి లోపలికి వచ్చిందని చూపగలిగితే చాలు. పళ్ళికరణై చిత్తడినేలకు ఆనుకుని ఉన్న వేళచ్చేరి వంటి పల్లపు ప్రాంతాలలో ఇదే సర్వసాధారణం. స్నానాలగది తూములోంచి మురుగు ఎదురు తన్నడం కూడా ఇలాంటి సమయాల్లోనే జరుగుతుంది. అప్పుడు ఆ తూము ఫొటోతో పాటు, అదే గంటలో మునిగి ఉన్న వీధి ఫొటో కూడా తీసి పెట్టుకోవాలి. వీధి ఫొటో లేకపోతే అది ఇంటి డ్రైనేజీ లోపంగా కనిపించే ప్రమాదం ఉంది.

మూడవది మన ఇంటి నీరే. ఓవర్‌హెడ్ ట్యాంకు పగలడం, పొర్లిపోవడం, పైపు పగిలి నీరు చిమ్మడం కూడా ఆ పాలసీలో ఉన్న ప్రమాదాలే. పగిలిన పైపు ముక్కను ప్లంబరు చేత తీయించి దాచిపెట్టండి, పారేయవద్దు.

నాలుగవ దారి విషయంలోనే ఎక్కువ మనస్తాపాలు కలుగుతాయి. స్లాబు పగుళ్లలోంచి ఏళ్ల తరబడి ఊరే చెమ్మ, పొరలు పొరలుగా ఊడే సున్నం, నాచు పట్టిన గోడమూల – ఇవి కాలక్రమాన జరిగే అరుగుదల కిందకు వస్తాయి, పాలసీ వీటికి పరిహారం ఇవ్వదు. తుఫానుకు ముందే ఉన్న చెమ్మను తుఫాను ఖాతాలో వేయకండి. అబద్ధం ఒక్కటి బయటపడితే నిజమైన నష్టానికి రావలసినది కూడా పోతుంది. పైగా అనుభవమున్న సర్వేయరు పాత చెమ్మను చూడగానే పోల్చుకుంటారు. పాత మరకకు గోధుమరంగు అంచులు ఒకదాని చుట్టూ మరొకటి వలయాలుగా ఉంటాయి. వరద గీత గోడ పొడవునా ఒకే ఎత్తులో అడ్డంగా, తిన్నగా సాగుతుంది.

ఇక నమోదు చేసే పద్ధతికి వద్దాం. ఇంట్లోకి అడుగు పెట్టేముందు మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకోండి. నీటిలో నిలబడి స్విచ్ బోర్డును తాకవద్దు. తడిసిన ఫ్రిజ్‌ను, వాషింగ్ మెషీన్‌ను పనిచేస్తున్నాయేమో చూద్దామని ఆన్ చేయవద్దు. కారు నీటిలో మునిగి ఉంటే స్టార్ట్ చేయకూడదు. ఇంజన్‌లోకి చేరిన నీటితో నష్టం రెట్టింపవుతుంది. ఆ నష్టం ఎలాగూ కారు పాలసీకి సంబంధించినది, ఇంటి పాలసీకి కాదు.

2023లో నేను చేసిన పని చెబుతాను. నీరు తీసిన తరువాత గోడ మీద బురద గీత మిగిలింది. దానికి సరిగ్గా పక్కన పెన్సిలుతో అడ్డగీత గీసి, తేదీ, సమయం రాశాను. నేల మీద నుంచి టేపు నిలబెట్టి, 41 సెంటీమీటర్ల అంకె స్పష్టంగా కనిపించేలా ఫొటో తీశాను. ప్రతి గదిలోనూ అలాగే చేశాను, ఎందుకంటే మా వంటగది నేల హాలు కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎత్తు. రెండు గదులలో అంకెలు అదే తేడాతో ఉండటాన్ని సర్వేయరు గమనించి తల ఊపారు. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన అంటించి ఉండే మోడల్, సీరియల్ నంబర్ల చీటీ తడికి ఊడిపోయేలా ఉంటే, అది ఊడకముందే దగ్గరగా ఫొటో తీశాను. కుళ్లే వస్తువులను ఇంట్లో ఉంచుకోనవసరం లేదు. పరుపులోంచి అరచేతి అంత ముక్కను, పాడైన బియ్యం బస్తా మీది లేబులును కోసి ఒక సంచిలో భద్రపరచి, మిగిలినది పారేసే ముందు ఫొటోలు తీశాను. పారేసే ముందు బీమా కంపెనీకి ఈమెయిలు ద్వారా తెలియజేయడం మరచిపోవద్దు. నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా పాలసీదారు బాధ్యతే కనుక, తలుపులు తెరిచి ఆరబెట్టడం తప్పు కాదు. ఆధారాలు నమోదు చేయకముందే కడిగేయడమే తప్పు.

తరువాత సమాచారం ఇవ్వాలి. నీరు ఇంకా నిలిచి ఉండగానే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవడం మంచిది. ఆ తరువాత రాసే వివరణలో అసలు నైపుణ్యం ఉంది. ‘వాన నీరు లీకై గోడలు, సామాను పాడయ్యాయి’ అని రాస్తే, లీకు అన్న ఒక్క మాట మీ నష్టాన్ని నాలుగవ దారిలోకి నెట్టేస్తుంది. దానికి బదులు నిజంగా జరిగినది జరిగినట్లు ఇలా రాయవచ్చు: ‘డిసెంబరు 4 తెల్లవారుజామున తుఫాను వర్షానికి వీధిలో నిలిచిన నీరు ముందు గడప మీదుగా ఇంట్లోకి ప్రవేశించింది. హాలులో నేల నుంచి 41 సెంటీమీటర్లు, వంటగదిలో 37 సెంటీమీటర్లు నిలిచి, మరునాటి సాయంత్రానికి తీసింది. ఆ ఎత్తు వరకు మునిగిన వస్తువుల జాబితా జత చేశాను.’ ఇందులో ప్రమాదం పేరు, దారి, ఎత్తు, కాలం నాలుగూ ఉన్నాయి. చెన్నై నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆ తేదీలలో ఇచ్చిన వర్షపాత వివరాలను కూడా దీనికి జత చేయండి.

సామాను గురించి రెండవ పాఠం పాఠకులు అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. భారత్ గృహ రక్షలో భవనంతో పాటు, మీరు వేరుగా ప్రకటించకపోయినా, సాధారణ సామానుకు భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల మేర రక్షణ ఉంటుంది. 800 చదరపు అడుగుల కార్పెట్ ఏరియాకు (గోడల లోపలి నేల వైశాల్యానికి) అడుగు నిర్మాణ ఖర్చు 2,200 చొప్పున భవనం 17,60,000కు బీమా అయిందనుకుంటే, సామానుకు 3,52,000 వరకు ఉంటుంది. నగలు, కళాఖండాలు ఈ లెక్కలోకి రావు, వాటికి వేరే రక్షణ తీసుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. ఫ్లాట్లలో లిఫ్టు, సంపు మోటారు, జనరేటర్ వంటి ఉమ్మడి ఆస్తికి అసోసియేషన్ వేరుగా పాలసీ తీసుకోవాలి. గృహ రుణంతో వచ్చిన పాలసీ ఉన్నవారు అది భవనానికి మాత్రమేనా, ఎంత మొత్తానికి అన్నది ఈ రోజే చూసుకోండి.

సర్వేయరు నియామకానికి గడువులు ఉన్నాయి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిమ్ తెలిపిన 24 గంటలలో బీమా కంపెనీ సర్వేయరును నియమించాలి, 15 రోజులలో నివేదిక తెప్పించుకోవాలి, నివేదిక అందిన 7 రోజులలో నిర్ణయం తెలపాలి. ఊరంతా మునిగినప్పుడు సర్వేయర్ల మీద భారం ఎక్కువగా ఉంటుంది, కనుక ఓర్పుతో మాట్లాడండి, కానీ ప్రతి ఫోను తేదీని రాసుకోండి. ఆయన వచ్చినప్పుడు గడప దగ్గర మొదలుపెట్టి, నీరు నడిచిన క్రమంలోనే గది తరువాత గది చూపించండి. వెళ్లేముందు ఆయన గమనించిన వస్తువుల పట్టికను మీ జాబితాతో సరిచూసి, తేడా ఉంటే అదే రోజు ఈమెయిలు రాయండి.

అభ్యాసం: ఈ వారం వాన లేని రోజున మీ ఇంటి గడప ఎత్తును వీధి మట్టం నుంచి కొలవండి. ప్రతి గది నేల ఎత్తునూ, స్నానాలగది తూముల స్థానాన్నీ, పైకప్పులో ఇప్పటికే ఉన్న చెమ్మ మరకలనూ ఫొటోలు తీసి, తేదీతో మీ ఈమెయిలుకు మీరే పంపుకోండి. తుఫాను తరువాత పాత మరక ఏదో, కొత్త నష్టం ఏదో చూపడానికి ఆ ఫొటోలే మీ మొదటి సాక్ష్యం. నిర్ణయం మీకు అన్యాయంగా తోచినప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌కు (పాలసీదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు రాసే పద్ధతిని నాలుగవ పాఠంలో నేర్చుకుందాం.