టాలీ వచ్చు కదా అని సీఏ ఫౌండేషన్ అకౌంట్స్‌ని తేలిగ్గా తీసుకోకండి: జాబ్ చేస్తూ ఎలా ప్రిపేర్ అవ్వాలంటే

"నాకు టాలీ బాగా వచ్చు, అకౌంట్స్ పేపర్ గురించి టెన్షన్ లేదు, మిగతా మూడూ చూసుకుంటే చాలు" అని చెన్నైలో జాబ్ చేసుకుంటూ సీఏ ఫౌండేషన్ (సీఏ కోర్సులో మొదటి మెట్టు పరీక్ష) రాసే మనోళ్ళు చాలామంది అంటుంటారు, నేనూ అదే అనుకున్నా. మాది సూళ్ళూరుపేట, ఇంటర్ సీఈసీ తెలుగు మీడియం, తర్వాత చెన్నై వచ్చి అక్కడి ప్యారిస్ (పారీస్ కార్నర్) బజారులో ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరా, మూడేళ్ళపాటు టాలీలో (లెక్కలు రాసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) రోజుకి వంద నూటయాభై వోచర్లు (లావాదేవీల ఎంట్రీలు) కొట్టా, జీఎస్టీ రిటర్నులకి డేటా తీసిచ్చా, అయినా సెప్టెంబర్ అటెంప్ట్‌లో అకౌంట్స్‌లో వచ్చింది 31. లా పాస్, ఎకనామిక్స్ పాస్, రోజూ చేసే పనిలోనే పోయింది. ఆ రోజు చాలా ఏడ్చాను. రిజల్ట్ వచ్చాక జనవరికి రెండు నెలలే టైం ఉంది, ఆ రెండు నెలల్లో చదివే తీరు మొత్తం మార్చుకుంటే 68 వచ్చాయి. ఏం మార్చానో మొత్తం రాస్తున్నా, ముఖ్యంగా షాపుల్లో ఆఫీసుల్లో అకౌంట్స్ పని చేస్తూ రాసేవాళ్ళ కోసం.

ముందు పరీక్ష సంగతి క్లుప్తంగా. మొత్తం నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. అకౌంటింగ్, బిజినెస్ లాస్ రెండూ మూడు గంటలు రాసే పేపర్లు, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్ రెండూ రెండేసి గంటల ఆబ్జెక్టివ్, తప్పు ఆన్సర్‌కి పావు మార్కు పోతుంది. ప్రతి పేపర్‌లో 40 రావాలి, అన్నీ కలిపి 400కి 200 రావాలి. ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు, జనవరి, మే, సెప్టెంబర్. అకౌంట్స్ పేపర్‌లో మొదటి ప్రశ్న తప్పనిసరి, మిగతా ఐదింట్లో నాలుగు రాయాలి. 40 తెచ్చుకుంటే చాలు అని మాత్రం ప్లాన్ చేసుకోకండి, మ్యాథ్స్ భయం ఉన్నవాళ్ళకి టోటల్ 200 దాటించేది అకౌంట్సే.

ఇక అసలు విషయం, టాలీ వచ్చినోళ్ళం ఎందుకు ఫెయిల్ అవుతాం అని. టాలీలో ఎఫ్7 కొట్టి జర్నల్ వేస్తే డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే అది సేవ్ చేయనే చేయదు. సేవ్ అయ్యాక లెడ్జర్ పోస్టింగ్ (ఏ ఖాతాది ఆ ఖాతాలో వేయడం) అదే చేసుకుంటుంది, ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలిశాయా అని చూసే పట్టీ) అదే తెస్తుంది, ప్రాఫిట్ అండ్ లాస్, బ్యాలెన్స్ షీట్ అన్నీ మనం కీ నొక్కితే రెడీ. అంటే మన చెయ్యి చేసేది మొదటి మెట్టు ఒక్కటే, మిగతా మెట్లన్నీ స్క్రీన్ మీద చూస్తున్నాం, చూసి చూసి మనకి వచ్చు అనుకుంటున్నాం. పరీక్షలో అడిగేది సరిగ్గా ఆ మధ్య మెట్లు.

అందుకే మొదటి పది రోజులు పుస్తకం కూడా పక్కన పెట్టి ఒక పని చేయండి. ఆ రోజు షాపులో కొట్టిన వోచర్లలో ఒక పది గుర్తు పెట్టుకోండి, నగదు, అప్పు, బ్యాంకు, రిటర్న్ అన్నీ కలిసొచ్చేలా (షాపు కాగితాలు ఇంటికి తీసుకెళ్ళొద్దు, పేర్లు, నంబర్లు మార్చేసుకోండి, అది మన మీద ఉన్న నమ్మకం). రాత్రి అన్నం తిన్నాక రూళ్ళ నోట్‌బుక్‌లో జర్నల్ రాసి, నరేషన్ (ఎంట్రీ దేనికో చెప్పే లైన్) రాసి, లెడ్జర్లకి పోస్ట్ చేసి, బ్యాలెన్స్ తేల్చి ట్రయల్ బ్యాలెన్స్ కలపండి. మొదటి రోజు నాకు గంటన్నర పట్టింది, అదీ కలవలేదు, 270 తేడా వచ్చింది, ఎక్కడ పోయిందో వెతకడానికి ఇంకో అరగంట. ఆ వెతకడమే మీకు కావాల్సిన చదువు, ఎందుకంటే టాలీ మనకి ఎప్పుడూ తేడా చూపించలేదు కదా.

ఇక్కడి నుంచి రెక్టిఫికేషన్ ఆఫ్ ఎర్రర్స్‌కి (లెక్కల్లో తప్పులు సరిచేయడం) వెళ్ళండి. మనలాంటి వాళ్ళకి అన్నింటికన్నా కష్టమైన చాప్టర్ ఇదే అని నా అభిప్రాయం, సస్పెన్స్ అకౌంట్ (ట్రయల్ బ్యాలెన్స్ తేడాని తాత్కాలికంగా పెట్టే ఖాతా) అవసరం మన పనిలో ఎప్పుడూ రాలేదు మరి. ప్రతి తప్పుకీ మూడు లైన్లు రాయండి: వాళ్ళు ఏం చేశారు, ఏం చేసుండాలి, ఇప్పుడు ఏం చేస్తే సరిపోతుంది. రమేష్ అనే కస్టమర్‌కి 5,400 సరుకు అప్పుకి అమ్మారు, సేల్స్ బుక్‌లో సరిగ్గానే రాశారు, కానీ రమేష్ లెడ్జర్‌లో 4,500 అని పోస్ట్ చేశారు అనుకుందాం. సేల్స్ ఖాతా కరెక్టే, రమేష్ ఖాతాలో 900 తక్కువ, తప్పు ఒకవైపే ఉంది కాబట్టి రమేష్ డెబిట్ 900, సస్పెన్స్ క్రెడిట్ 900. అదే తప్పు సేల్స్ బుక్‌లోనే 4,500 అని రాసేసి ఉంటే? అప్పుడు రెండువైపులా 900 తక్కువ, ట్రయల్ బ్యాలెన్స్ కలిసిపోతుంది, రమేష్ డెబిట్ 900, సేల్స్ క్రెడిట్ 900, సస్పెన్స్‌కి పనే లేదు. ఒకే అంకె, ఒకే మనిషి, తప్పు ఎక్కడ జరిగిందో దాన్నిబట్టి ఎంట్రీ మారిపోయింది. ఈ తేడా ఒంటబడితే చాప్టర్ మూడొంతులు వచ్చేసినట్టే. ఫర్నిచర్ కొన్నది పర్చేజెస్‌లో వేసెయ్యడం లాంటి తప్పులు మనకి టాలీలోనూ రోజూ తెలుసు, లెడ్జర్ తప్పుగా సెలెక్ట్ చేస్తే జరిగేది అదే, వాటికి ఎక్కువ టైం పెట్టకండి. ఫైనల్ అకౌంట్స్ అయిపోయాక తప్పు దొరికితే సేల్స్, పర్చేజెస్ లాంటి ఖాతాల బదులు ప్రాఫిట్ అండ్ లాస్ అడ్జస్ట్‌మెంట్ ఖాతా వస్తుంది, దాన్ని విడిగా ఒక ఐదారు లెక్కలు చేయండి.

బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన క్యాష్ బుక్‌కీ బ్యాంకు పాస్ బుక్‌కీ ఉన్న తేడా కలపడం) కూడా అంతే, టాలీలో బ్యాంక్ డేట్ వేసేస్తే పని అయిపోతుంది, ఇక్కడ కలపాలా తీసెయ్యాలా అన్నదే ప్రశ్న. రూల్స్ బట్టీ పట్టొద్దు, నేను పట్టి ఓవర్‌డ్రాఫ్ట్ రాగానే అన్నీ తలకిందులయ్యాయి. క్యాష్ బుక్‌తో మొదలుపెడితే ఒక్కటే అడగండి, దీనివల్ల బ్యాంకు వాడి పుస్తకంలో డబ్బు మన పుస్తకం కంటే ఎక్కువ కనిపిస్తుందా తక్కువ కనిపిస్తుందా అని. క్యాష్ బుక్‌లో 50,000 ఉంది, మనం ఇచ్చిన చెక్కు 8,000 ఇంకా బ్యాంకుకి పోలేదు, బ్యాంకు దగ్గర ఎక్కువ ఉంటుంది, కలపాలి. మనం బ్యాంకులో వేసిన చెక్కు 5,000 ఇంకా క్లియర్ కాలేదు, తీసెయ్యాలి. బ్యాంకు చార్జీలు 200 వాళ్ళు కోసేశారు మనం రాయలేదు, తీసెయ్యాలి. పాస్ బుక్ 52,800. ఓవర్‌డ్రాఫ్ట్ అయితే మొదటి అంకె ముందు మైనస్ పెట్టి ఇదే ప్రశ్న అడగండి, క్యాష్ బుక్ ప్రకారం ఓవర్‌డ్రాఫ్ట్ 10,000, మనం ఇచ్చి ఇంకా బ్యాంకుకి పోని చెక్కు 3,000 అంటే మైనస్ 10,000కి 3,000 కలిపితే మైనస్ 7,000, అంటే పాస్ బుక్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ 7,000, ఇంకేం మార్చక్కర్లేదు.

తెలుగు మీడియం వాళ్ళకి ఒక మాట. పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో లేదు. కానీ మనం ఇంటర్‌లో చదివింది వృథా కాలేదు, చిట్టా అంటే జర్నల్, ఆవర్జా అంటే లెడ్జర్, అంకణా అంటే ట్రయల్ బ్యాలెన్స్, అనామతు ఖాతా అంటే సస్పెన్స్ అకౌంట్, తరుగుదల అంటే డిప్రిసియేషన్, విషయం మనకి తెలుసు, పేరు మాత్రమే కొత్త. నోట్‌బుక్ వెనక పేజీల్లో ఇలా రెండు వరసలు రాసుకున్నా, వంద మాటలు కూడా లేవు. నరేషన్లు "బీయింగ్" తో మొదలయ్యే చిన్న వాక్యాలే, ఒక ఇరవై రకాలు చేత్తో రాస్తే అవే తిరిగి తిరిగి వస్తాయి. ఇంగ్లీషు రాదని ఆగిపోయిన అమ్మాయిలు నాకు తెలుసు, దయచేసి ఆ కారణంతో ఆగొద్దు.

ఇంగ్లీషు నిజంగా అవసరమయ్యేది మొదటి ప్రశ్నలో, కరెక్టా తప్పా చెప్పి కారణం రాయాలి, ఆరు ప్రశ్నలు రెండేసి మార్కులు, 12. దీన్ని నేను మొదటిసారి చదవనేలేదు. వీటికి రోజుకి నాలుగు చొప్పున రెండు లైన్లలో కారణం రాయడం అలవాటు చేసుకోండి. మెషీన్ బిగించడానికి ఇచ్చిన కూలి వేజెస్ ఖాతాకి డెబిట్ చేయాలి అంటే తప్పు, అది మెషీన్ ఖర్చులో కలుస్తుంది. పార్ట్‌నర్‌షిప్ డీడ్ లేకపోతే పార్ట్‌నర్ ఇచ్చిన అప్పుకి వడ్డీ ఉండదు అంటే తప్పు, 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం 6 శాతం ఇవ్వాలి, క్యాపిటల్ మీద మాత్రం వడ్డీ ఉండదు, లాభం సమానంగా పంచాలి. ఇన్వెంటరీకి లిఫో (చివర కొన్న సరుకు ముందు పోయినట్టు లెక్కేయడం) వాడొచ్చు అంటే తప్పు, ఏఎస్ 2 (రెండో అకౌంటింగ్ స్టాండర్డ్) మామూలు సరుకుకి ఫిఫో (ముందు కొన్నది ముందు), వెయిటెడ్ యావరేజ్ ఒప్పుకుంటుంది, లిఫోని ఒప్పుకోదు. ఇలాంటివి.

పుస్తకాల దగ్గర నేను దెబ్బతిన్నా కాబట్టి చెప్తున్నా. మూర్ మార్కెట్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని పాత సిలబస్ పుస్తకం కొన్నా, నెలరోజులు కన్‌సైన్‌మెంట్, యావరేజ్ డ్యూ డేట్ అనే చాప్టర్లు చేస్తూ కూర్చున్నా, 2024 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో అవి లేవు. అంతకంటే ప్రమాదం డిప్రిసియేషన్ పద్ధతి మార్చే లెక్క. లక్ష మెషీన్, 10 శాతం స్ట్రెయిట్ లైన్‌లో (ఏటా అసలు ధర మీదే) రెండేళ్ళు తీస్తే 80,000 మిగిలింది, మూడో ఏడు రిటన్ డౌన్‌కి (ఏటా మిగిలిన విలువ మీద) మారారు అనుకోండి. బాగా పాత పుస్తకాలు మొదటి నుంచి మళ్ళీ లెక్కేసి 81,000 తెచ్చి, 1,000 తేడా ప్రాఫిట్ అండ్ లాస్‌కి వేస్తాయి. 2016లో ఏఎస్ 6 పోయి ఏఎస్ 10 మారాక అది ఎస్టిమేట్‌లో మార్పు, వెనక్కి వెళ్ళక్కర్లేదు, 80,000 మీద 10 శాతం, 8,000 అంతే. ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ, పరీక్ష పెట్టేవాళ్ళు) స్టడీ మెటీరియల్, రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్ట్ పేపర్లు, పాత ప్రశ్నలకి సజెస్టెడ్ ఆన్సర్లు అన్నీ వాళ్ళ సైట్లోనే ఫ్రీగా ఉన్నాయి, జెరాక్స్ తీయించుకోండి, చాలు.

మిగతా చాప్టర్లలో పార్ట్‌నర్‌షిప్, కంపెనీ అకౌంట్స్ పెద్దవి, షాపులో పని చేసేవాళ్ళకి పూర్తిగా కొత్తవి, వీటికి కనీసం మూడు వారాలు ఉంచండి. షేర్ ఫర్‌ఫీచర్‌లో (డబ్బు కట్టని షేర్లని కంపెనీ రద్దు చేయడం) ఒక లెక్క ఒకే రోజు మూడుసార్లు చేసినా పర్లేదు. నాట్ ఫర్ ప్రాఫిట్‌లో సబ్‌స్క్రిప్షన్ ఖాతా వస్తే సగం వచ్చినట్టు. సోల్ ప్రొప్రయిటర్ (ఒక్కరి సొంత వ్యాపారం) ఫైనల్ అకౌంట్స్, ఇన్‌కంప్లీట్ రికార్డ్స్ (సగం సగం రాసిన లెక్కలు) మనకి తొందరగా వస్తాయి, ప్యారిస్ చిన్న షాపుల లెక్కలు చూసినవాళ్ళకి ఇన్‌కంప్లీట్ రికార్డ్స్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

టైం ఎక్కడ దొరుకుతుంది అంటారా, నాకు పొద్దున 5 నుంచి 7, రాత్రి ఒక గంట, ఆదివారం మొత్తం. రూములో నలుగురం, కుదరదు, అందుకని ఆదివారం బీచ్ స్టేషన్లో వేళచ్చేరి ట్రైన్ ఎక్కి కోట్టూర్‌పురంలో దిగి అన్నా సెంటినరీ లైబ్రరీకి పోయేదాన్ని. 2010లో కట్టిన పెద్ద లైబ్రరీ, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాల్ వేరే ఉంది, చుట్టూ పోటీ పరీక్షలకి చదివేవాళ్ళే, మనకీ ఫోన్ తీయబుద్ధి కాదు. అక్కడ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అసలు పరీక్ష టైంలోనే, మాక్ పేపర్ రాసేదాన్ని. అన్నం తిన్నాక నిద్రొచ్చే టైం అది, ముందే అలవాటు కావాలి. ఆఖరి నెలలో నాలుగు ఫుల్ పేపర్లు రాశా. 20 మార్కుల ప్రశ్నకి లెక్కప్రకారం 36 నిమిషాలు వస్తుంది, 33లో వదిలేసేలా చూసుకోండి, బ్యాలెన్స్ షీట్ కలవకపోయినా వదిలేసి పోవాలి, వర్కింగ్ నోట్స్‌కి, స్టెప్స్‌కి మార్కులు పడతాయి. మొదటి అటెంప్ట్‌లో నేను ఒక బ్యాలెన్స్ షీట్ కలపడానికి గంటకు పైగా కూర్చుని ఒక ప్రశ్న మొత్తం వదిలేశా, 31కి పెద్ద కారణం అదే.

పరీక్ష రోజు 12 అంకెల మామూలు క్యాలిక్యులేటర్ తీసుకెళ్ళండి, ప్రాక్టీస్ చేసిందే, కొత్తది వద్దు. రాయడానికి ముందు 15 నిమిషాలు పేపర్ చదువుకోనిస్తారు, ఆ టైంలో వదిలేసే ప్రశ్న ఏదో తేల్చుకుని మిగతావాటికి వరస పెట్టుకోండి, నేనైతే బాగా వచ్చినదాంతో మొదలుపెట్టి ట్రూ ఫాల్స్ రెండోది రాశా. బయటికొచ్చాక గేటు దగ్గర ఆన్సర్లు కలపడానికి నిలబడకుండా నేరుగా రూముకి వెళ్ళిపోండి, తర్వాతి పేపర్ లా, దానికి సెక్షన్లు ఒకసారి తిరగెయ్యాలి.